నేతితో కొలిచిన రూపాయి

మా ముత్తాత జమ్మలమడుగు తాలూకాలో మూడు ఇనాం గ్రామాలకు హక్కుదారు. కాలువ నీళ్ళ వంతుల మీద రైతులు తగవు పడితే తీర్పు మా అరుగు మీదే జరిగేది. మా తాత తాలూకా బోర్డు సభ్యుడు. కలెక్టరు క్యాంపుకు వచ్చినప్పుడు మా గుమ్మం ముందు గుర్రం దిగి, లోపలికి వచ్చి, మజ్జిగ తాగి వెళ్ళేవాడట. మా నాయన ఏ పదవీ చేయలేదు. పదవి కావాలంటే ఎవరినో ఒకరిని అడగాలి, ఆయన ఎవరినీ ఏదీ అడిగేవాడు కాడు. ఆ ఇంటికి నేనొక్కడినే కొడుకును. గొప్పకు ఈ మాటలు రాయడం లేదు. ఆ ఇల్లు ఎలాంటిదో తెలియకపోతే మేము చేసిన లెక్క ఎవరికీ అర్థం కాదు.

మా ఇంటి పరువుకు కొలత నెయ్యి. భోజనానికి కూర్చున్నవాడు విస్తరి మీద చేయి అడ్డం పెట్టేదాకా నేతి ధార ఆపకూడదన్నది మా అవ్వ పెట్టిన నియమం. మా అమ్మ దాన్ని తప్పలేదు. దొడ్లో ఎప్పుడూ ఏడెనిమిది పాడి గేదెలు, మా వైపు మాటలో ఎనుములు, ఉండేవి. వంటింటి మూల పెద్ద ఇత్తడి గుండిగలు వరసగా ఉండేవి, వాటిలో నెయ్యి పేరుకుని ఉండేది. మిగిలింది గుడి దీపానికీ, బ్రహ్మంగారిమఠం పోయే యాత్రికుల అన్నదానానికీ ఇచ్చేవాళ్ళం. నెయ్యి కొనడం మా ఇంట్లో లేదు, అమ్మడం అంతకన్నా లేదు. ఒక కుటుంబం చితికిపోయిందని మావాళ్ళలో చెప్పుకోవాలంటే, "వాళ్ళు నెయ్యి కొనుక్కోని తింటాండారు" అనేవారు. ఇక వేరే వివరం అక్కర్లేదు.

కొత్త పైసలు వచ్చిన ఏడాదికి, అంటే 1957కు, మాకు రాబడికి మిగిలింది పులివెందుల దగ్గరి చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఒక్కటే. ఇనాములు చట్టంతో పోయాయి. తోట కూడా తాకట్టులోనే ఉంది. బావి ఎండిపోతే లోతు చేయించడానికి మా నాయన ప్రొద్దుటూరులో బంగారు అంగడి ఉన్న ఒక షావుకారు దగ్గర అప్పు తీసుకున్నాడు. గడువు దగ్గర పడుతోంది. బావిలో నీళ్ళు పడ్డాయి, చెట్లు కోలుకున్నాయి, మరో రెండు కాపులు చేతికొస్తే అప్పు తీరుతుంది. ఆ రెండు కాపుల దాకా ఆగడానికి కావలసినది ఒక్కటే: గడువు పొడిగింపు, లేదా బయటి నుంచి నెలనెలా కొంత డబ్బు. నేను అనంతపురంలో బి.ఎ. చదివి, ప్రొద్దుటూరులో టైపు నేర్చుకుని ఇంట్లో ఉన్నాను.

అప్పుడే నా సహాధ్యాయి ఒకడు తన మేనమామను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. మిషన్ బడి ఉపాధ్యాయుడి కొడుకు అతడు, మేమిద్దరం హైస్కూలు నుంచి ఒకే బెంచీ. మేనమామ కువైటులో నూనె బావుల కంపెనీలో గుమాస్తా, సెలవు మీద వచ్చాడు. మా నాయన పంచలో కుర్చీలు వేయించాడు. లోపలికి పిలవలేదు, అయితే తానూ బయటే వచ్చి కూర్చున్నాడు. వాళ్ళకు మజ్జిగ తెప్పించాడు.

"మా మేనల్లునితో పాటు మీ అబ్బాయినీ పిల్చుకపోదామని వొచ్చినా సామీ," అన్నాడు మేనమామ. "టైపు కొట్టే గుమాస్తాలు కావాలంటాండారు. నా మాట మీద ఇద్దరికి చోటుంది."

"జీతం?"

"నెలకు మూన్నూట అరవై."

"ఏం దుడ్లు? ఆ దేశపు దుడ్లా?"

"మన రూపాయే సామీ. ఆడ గూడా మన నోట్లే నడుస్తాయి. బొంబాయి నుంచి ఓడలో పోతాయి. ఈడ జోబీలో పెట్టుకున్న నోటు ఆడ దిగినాక మార్చే పనే ల్యా."

మా నాయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. తర్వాత అన్నాడు: "నోటు ఒకటే అయితే విలువ గూడా ఒకటే అని యాడుంది? ఆ నోటు ఆడ ఏం తెస్తాది, ఈడ ఏం తెస్తాది, అది చెప్పు."

ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ ప్రశ్న గుర్తొస్తే నాకు గర్వంగానే ఉంటుంది. అర్థశాస్త్రం చదివిన నాకు ఆ మాట తోచలేదు. ఏ దేశపు డబ్బునైనా తూచాలంటే రెండుచోట్లా దొరికే ఒక మామూలు వస్తువును ఎంచుకుని దాని ధర అడగాలి. ఆయన సరిగ్గా అదే చేశాడు. కానీ ఆయన ఎంచుకున్న వస్తువు వేరు.

"నెయ్యి శేరెంత?"

మేనమామ నవ్వేశాడు. "నెయ్యి సంగతి నాకేం తెలుసు సామీ! మేం డబ్బా వనస్పతి తినేటోళ్ళం."

"అన్నేండ్లు ఉండి నెయ్యి ధర తెలుసుకోలేదా?"

"గుజరాతీ సేట్లు తెప్పించుకుంటారు. శేరు పదిహేను అంటారు. నేనైతే కొనింది ల్యా, చూసింది ల్యా."

"నీళ్ళో?"

"నీళ్ళు గూడా కొనల్ల. ముందు ఓడల్లో తెచ్చి గాడిదల మీద తోలి అమ్మేటోళ్ళు. ఇప్పుడు సముద్రం నీళ్ళు కాంచి, ఉప్పు తీసి ఇస్తాండారు."

"నీళ్ళకు దుడ్లా!" మా నాయన నా వైపు చూశాడు. "పెన్నలో చెలమ తవ్వితే వొచ్చేదానికి!"

నా సహాధ్యాయి మేనమామ వైపు తిరిగాడు. "మామా, చక్కెరెంత ఆడ?"

"ఈడికన్నా చౌకే."

"సబ్బు?"

"ఈడంతే."

"చొక్కా గుడ్డ? టీపొడి?"

"గుడ్డ జపాను నుంచి వొస్తాది, ఈడికన్నా మేలు. టీపొడీ అంతే. కిరసనాయిలైతే నీళ్ళకన్నా చౌక, దాంతోనే మొగం కడుక్కోవచ్చు."

అందరూ నవ్వారు, మా నాయన కూడా. నా సహాధ్యాయి వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకుని, "అట్లయితే సబ్బు లెక్కన ఆడి రూపాయి రూపాయే. చక్కెర లెక్కన రూపాయీ పావలా," అన్నాడు.

"సబ్బుతో ఇల్లు నడుస్తాదా అబ్బీ?"

"మా ఇల్లు నడుస్తాది సామీ," అన్నాడతడు. ఎగతాళిగా అనలేదు. ఉన్న మాట అన్నాడు.

తలుపు వెనక నుంచి మా అమ్మ, "బియ్యమో?" అని అడిగింది. కొంచెం ఎక్కువేనని మేనమామ చెప్పాడు. ఆ జవాబును ఎవరూ పట్టించుకోలేదు. వాళ్ళు వెళ్ళాక ఆమె మా నాయనతో, "మనిషి కడుపుకు తినేది బియ్యం గదా, దాంతో చూడరాదా?" అంది. "బియ్యం అందరూ తింటారు," అన్నాడు ఆయన. ఆ మాటతో ఆమె ప్రశ్న కొట్టుకుపోయింది.

కువైటు నేతి ధర తెలిసింది. మన వైపు ధర తెలియాలి. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎలా తెలుస్తుంది? ఎన్నడూ కొనలేదు.

ఆ వారమే గడువు పొడిగింపు మాట్లాడడానికి ప్రొద్దుటూరు పోవలసి ఉంది. బస్సు దిగి బజారు మొదట్లోకి రాగానే మా నాయన ఆగి, గొడుగు కొనతో ఒక అంగడి చూపించాడు. "పోయి అడుగు. మనకోసమని మాత్రం చెప్పాకు," అన్నాడు. తాను ఎదురుగా గుడ్డల అంగడి అరుగు పక్కన అటు తిరిగి నిలబడ్డాడు.

అంగట్లో నలుగురైదుగురు ఉన్నారు. నేను నెయ్యి శేరెంత అని అడిగాను. వర్తకుడు నన్ను గుర్తు పట్టాడు.

"ఎవురికి సామీ?"

"తెలుసుకునేదానికే."

"తెలుసుకునేదానికి నేతి ధర అడిగేవాణ్ణి ఇంతవరకు నేను చూళ్ళేదు. ఏంది, మీ ఎనుములన్నీ ఒక్కసారే వట్టిపోయినాయా?"

"లేదు."

"అట్లయితే ఎనుముల్ని అమ్మేసినారా?" పక్కనున్నవాళ్ళు నవ్వారు. "సిగ్గుపడాకు సామీ. సోలెడు కట్టిస్తా, తీసకపో. దుడ్లు నిదానంగా పంపిద్దువు. మీ తాత చేతి నెయ్యి తిన్న నోరు ఇది."

"ధర చెప్పప్పా."

"శేరు అయిదు."

నేను తిరిగి వచ్చి చెప్పాను. నవ్విన సంగతి చెప్పలేదు. ఆయన నడుస్తూనే లెక్క వేశాడు. "ఆడ పదిహేను, ఈడ అయిదు. ఆడి మూడు రూపాయలు ఈడ ఒక రూపాయి. మూన్నూట అరవై అంటే నూట ఇరవై. నీళ్ళకూ గదికీ తీసేస్తే ఏం మిగిలింది? తాలూకాఫీసు గుమాస్తా జీతం. దానికి ఓడెక్కి పోవల్లనా? ఇంకా మనింట్లో నెయ్యికి అయిదు గూడా ల్యా, ఊరకే వొస్తాండాది. ఆ లెక్కన జూస్తే ఆడి రూపాయికి విలువే ల్యా."

సముద్రం దాటితే కులం చెడుతుందనే పట్టింపు మా నాయనకు లేదు. లెక్క కుదిరి ఉంటే పంపేవాడని నేనిప్పటికీ నమ్ముతాను. ఆ లెక్కలో తప్పు పట్టడానికి ఆ రోజు నాకూ ఏమీ కనపడలేదు.

షావుకారు ఎప్పటిలాగే మర్యాద చేశాడు. పైపంచె తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు, మా నాయనను పరుపు మీద కూర్చోబెట్టాడు. "గడువుదేముంది సామీ, వొచ్చే వారం నేనే జమ్మలమడుక్కు వొస్తా. మీ ఇంట్లో భోంచేసి, కాయితం రాసుకుందాం," అన్నాడు. ఆ మాటతో మేము నిశ్చింతగా బస్సెక్కాము.

మేము జమ్మలమడుగు చేరేలోపే మాట బజారంతా తిరిగిందని తర్వాత తెలిసింది. ఫలానావారి కొడుకు నేతి అంగడి మెట్లెక్కాడట. ధర అడిగి, కొనే స్తోమత లేక తిరిగి వచ్చాడట. తండ్రి సిగ్గుతో ఎదురంగడి పక్కన దాక్కున్నాడట. ఒక్కొక్క మాటలో కొంత నిజం ఉంది, అందుకే అది ఆగలేదు.

షావుకారు చెప్పిన రోజుకే వచ్చాడు. స్నానం చేసి మడిగుడ్డతో కూర్చున్నాడు. మా అమ్మ పప్పూ అన్నమూ వడ్డించి నెయ్యి పోయసాగింది. ఆయన చేయి అడ్డం పెట్టలేదు. అన్నం మీంచి నెయ్యి విస్తరి అంచుకు పారింది. అయినా పెట్టలేదు. మా అమ్మ ధార ఆపలేదు. అప్పుడాయన వేలి కొనను నేతిలో ముంచి, ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

"బాగుందమ్మా. ఏ అంగట్లోది?"

పంక్తిలో అందరూ మా అమ్మ వైపు చూశారు.

"మా దొడ్లోదే," అంది మా అమ్మ.

"అట్లనా? బజార్లో ఇంకోరకంగా అనుకుంటాండారు." అప్పుడు చేయి అడ్డం పెట్టి, నిదానంగా కలుపుకుని తిన్నాడు.

చేతులు కడుక్కున్నాక పంచలో కూర్చుని తాంబూలం వేసుకున్నాడు. కాగితం మాట మా నాయన ఎత్తలేదు. షావుకారే ఎత్తాడు. "సామీ, మీమీద గౌరవం యాడికీ పోలేదు. అయితే నాకూ పైన ఇచ్చేటోళ్ళు ఉండారు. నెయ్యి కొనేదాకా వొచ్చిన ఇంటికి గడువిచ్చినానని తెలిస్తే రేపు నా అంగడికి ఎవురొస్తారు? మొదటి కాయితంలో ఉన్న తేదీకే కానిద్దాం."

ఒక్క మాట చాలు. కువైటులో రూపాయి విలువెంతో చూసుకోవడానికి అడిగామని చెబితే ఆయన నవ్వి గడువు ఇచ్చేవాడేమో. దొడ్లోకి పిలిచి ఎనుముల్ని చూపించినా చాలు. నేను నోరు తెరిచాను. "నాయనా, ఎందుకు అడిగినామో చెప్దాం."

"ఎవురికి?" అన్నాడు మా నాయన నా వైపు చూడకుండా. "ధర అడిగినందుకు సంజాయిషీనా?"

ఆయన లేచి నిలబడ్డాడు. షావుకారు కూడా లేచి దండం పెట్టి వెళ్ళిపోయాడు. సంజాయిషీ ఇవ్వడం మా ఇంట్లో అలవాటు లేదు. పైగా కారణం చెప్పాలంటే కొడుకును జీతానికి పంపాలని ఆలోచించిన సంగతి కూడా చెప్పాలి. నేను ఆయన కొడుకును, ఆ మౌనం నాకు అర్థమైంది. ఇప్పటికీ దాన్ని తప్పు అనడానికి నాకు మాట రాదు. కానీ ఆ తోటలో ఆకుల సందున చీనీకాయలు పసుపు తిరిగే కాలం వస్తే, ఆ ఒక్క మాట మా నాయన నోట వచ్చి ఉంటే అనిపించకుండా ఉండదు.

ఆ సాయంత్రం మా అమ్మ బతిమాలింది. "గడువు పాయె. ఇప్పుడైనా పిల్లోణ్ణి పంపండి. నెలనెలా పంపితే తోట నిలబడ్తాది."

"లెక్క అయిపోయింది," అన్నాడు ఆయన.

నా సహాధ్యాయిని రైలెక్కించడానికి ముద్దనూరు స్టేషనుకు వెళ్ళాను. బొంబాయి బండి ఆలస్యంగా వచ్చింది. మేనమామ సామాను సర్దుకుంటుంటే అతడు తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఇంకా చోటుంది అప్పా. ఎక్కు. గుడ్డలు బొంబాయిలో కొందాం."

"లెక్క కుదర్లేదు."

"మీ నాయన నేతితో కొల్చినాడు. ఆడికి పోయి నువ్వు చేసేది టైపు, తినేది అన్నం. నేతితో ఏం పని?"

బండి కదిలింది. అతడు చేయి ఊపాడు, నేనూ ఊపాను.

ఆ తర్వాత నేను హైస్కూల్లో ఉపాధ్యాయుడిగా చేరాను. తరగతిలో ధరలూ విలువలూ చెప్పవలసి వచ్చినప్పుడు ఒకసారి మా ఇంటి నేతి ధర నిజంగా ఎంతో వేసి చూశాను. ఎనుములకు పెట్టిన పత్తిగింజలూ వేరుశెనగ చెక్కా, మేపేవాడికిచ్చిన జొన్నలు, వరి వేయకుండా గడ్డికోసం వదిలేసిన ఏటి పక్క మడి, గుడికీ అన్నదానానికీ పోయిన గుండిగలు. ఇవన్నీ కలిపితే శేరు ధర ప్రొద్దుటూరు ధరను దాటింది, కువైటు సేట్లు ఇచ్చే పదిహేనునూ దాటింది. ఊరికే వస్తోందని మా నాయన అన్న నెయ్యి మేము విన్న అన్ని నేతుల కన్నా ఖరీదైనది. మూడు తరాలుగా దాన్ని భూమితో కొంటూ వచ్చాము. అంగడికి పోలేదు గనుక కొంటున్నామని తెలియలేదు.

సబ్బుతోనో బియ్యంతోనో కొలిచి ఉంటే నేను పోయేవాణ్ణి. ఆ వస్తువులు అందరివీ. మా నాయనకు తన ఇల్లు అందరి ఇళ్ళలాంటిది కాదు, అందుకని అందరి వస్తువుతో కొలవడం ఆయనకు చేతకాలేదు.

కొన్నేళ్ళకు నా సహాధ్యాయి సెలవు మీద వచ్చి మా నాయనను చూడడానికి వచ్చాడు. అప్పటికి మా దొడ్లో ఎనుములు లేవు. నెయ్యి కొనితెస్తానని నేనెన్నిసార్లు అన్నా మా నాయన ఒప్పుకోలేదు. నెయ్యి లేని వట్టి పప్పన్నం తినేవాడు. ఎవరైనా అడిగితే డాక్టరు వద్దన్నాడని చెప్పేవాడు. ఏ డాక్టరూ వద్దనలేదు.

ఈసారి మా నాయన అతణ్ణి లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు. అతడు మా అమ్మకు సబ్బుల పెట్టె, నాకు చొక్కా గుడ్డ తెచ్చాడు. ఆ దేశంలో ఇప్పుడు మన రూపాయి నడవడం లేదనీ, దినారు అని సొంత డబ్బు వచ్చిందనీ, ఒక దినారు పదమూడు రూపాయల పైచిలుకనీ చెప్పాడు.

మా నాయన వెన్ను నిటారుగా పెట్టి కూర్చుని అంతా విన్నాడు. "దినారుకు నెయ్యి ఎంతొస్తాది?"

నా సహాధ్యాయి నా వైపు చూశాడు. తర్వాత చాలా మర్యాదగా అన్నాడు: "తెలీదు సామీ. ఎప్పుడూ కొనింది ల్యా."

"మేమూ కొనింది ల్యా," అన్నాడు మా నాయన. ఆ జవాబుతో ఆయన మనసు కుదుటపడింది. తర్వాత ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

అతడు వెళ్ళేటప్పుడు వీధి మలుపు దాకా తోడు వెళ్ళాను. తోట సంగతి అతడు అడగలేదు. పులివెందుల మీదుగా బస్సులో వచ్చాడు గనుక చూసే ఉంటాడు.

పులివెందుల చీనీ తోట, బావితో సహా, గడువు తేదీ దాటిన నెలలో ప్రొద్దుటూరు షావుకారు పేర రిజిస్టరైంది. ఆ ఏడు కాపు బాగా వచ్చింది, అది కూడా ఆయనదే అయింది. ఎనుముల్ని మరుసటి వేసవిలో సంతలో అమ్మాము. ఇత్తడి గుండిగలు మా నాయన పోయాక ప్రొద్దుటూరులో పాత సామాను కొనేవాడికి తూకానికి అమ్మాను.